ఉప్పు పెళ్లికూతురు

ట్రాపానీలో, ఆగస్టులో, గాలి పడిపోయిన ఒక రాత్రి
చేపల మార్కెట్ వెనక గోడకి సున్నం కొట్టి
ఆ సినిమా వేస్తారు.
ఎవరి కుర్చీ వాళ్లే తెచ్చుకోవాలి.
నాది వంటింటి స్టూలు. ఒక కాలు పొట్టి.
నేను భయపడ్డానని పక్కవాళ్లకి అదే చెప్పేస్తుంది, టకటకమని.

కథ ఒక్క ముద్దలో అయిపోతుంది:
ఉప్పుమడుల ఆసామీ, అతని ఇద్దరు తమ్ముళ్లు,
కూలి అడిగిన పిల్లని పెళ్లి ముందురోజు
మడిలో అదిమిపెట్టి ముంచేస్తారు.
ఉప్పు దేన్నీ కుళ్లనివ్వదు.
చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది.
కత్తి లేదు, కోరలు లేవు, ఒక్క నెత్తుటి చుక్క లేదు.
వచ్చి గుమ్మంలో నిలబడి
తడి జడ పిండుకుంటుంది, అంతే.
లోపలివాడికి దాహం పుడుతుంది.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలి కదా,
తాగుతాడు.
తాగుతూనే ఉంటాడు.

పెద్దన్న వేషం గాస్పారే ఇంకాందెలాది.
బయట మందుల షాపు, చీమకి దారిచ్చే మనిషి.
పదకొండు గ్లాసులు, మోసం లేకుండా, కెమెరా ముందు తాగాడు.
పన్నెండోదాన్ని చూసే చూపు ఉంది చూడండి,
గడప ముందు నిలబడ్డ అప్పులవాణ్ణి చూసినట్టు.
సినిమా ఆడాక మూడు నెలలు
మా ఆడవాళ్లు దగ్గుమందుకి పక్క వీధికెళ్లారు.
నాకు దక్కిన బహుమతి అదేనని
చచ్చేదాకా చెప్పుకున్నాడు.

చిన్న తమ్ముడు నున్సియో, పడవవాడు.
తెరమీద రెండు నిమిషాలే బతుకుతాడు.
ఆ చావు కోసం ఇంట్లో నెలరోజులు నేలమీద పడి
పెళ్లాం చేత చీపురు దెబ్బలు తిన్నాడు.
పేర్లలో అతని పేరు ఒక అక్షరం తప్పు పడింది.
కొడుకు ఇప్పటికీ ప్రతి ఏడూ
ఆ అక్షరం దగ్గర గట్టిగా దగ్గుతాడు.

ఇక ఎర్సీలియా వాంతాజ్జీ, టురిన్ పిల్ల.
మిట్టమధ్యాహ్నం, తెల్లటి ఉప్పుమీద,
రెప్ప వెయ్యకుండా అంత దూరం నడిచింది.
రాత్రికి కళ్లు వాచి మా ఇంట్లోనే పడుకుంది,
బంగాళాదుంప చెక్కలు పెట్టుకుని.
అంత అందంగా ఎవరూ పగబట్టలేదు.
కానీ అరవమంటే
పిల్లి తుమ్మినట్టు వచ్చేది గొంతు.

సౌండు మనిషి టేపు పెట్టె మోసుకుని మడుల్లోకొచ్చాడు:
అమ్మా, ఎవరైనా ఒక్కసారి అరవండి.
ఒక్కొక్కరే అరిచారు, నవ్వుకున్నారు.
మా పెద్దమ్మ క్రొచిఫీస్సా గంప దించింది.

అంతకు ముందు చలికాలం
ఉప్పుగుట్ట విరిగి పెదనాన్న మీద పడింది.
మధ్యాహ్నానికే పోయాడని
ఆ రోజుకి సగం కూలే లెక్కకట్టారు.
ఆ నాణేలు ఆమె ఏడవకుండా ఎంచుకుని తీసుకుంది.

మైకు ముందు ఒక్కసారే.
సౌండు మనిషి చెవులకున్నవి తీసేసి
ఇంకోసారి అనలేదు.

మొదటి ఆటకి అసలు ఆసామీ
ముందు వరసలో కూర్చున్నాడట.
మడులు అద్దెకిచ్చింది ఆయనే.
ఆ కేక వచ్చినప్పుడు నీళ్లు అడిగాడని ఊరంటుంది.
కాదు, సిగరెట్టు కోసం లేచాడని మా అమ్మ.
నేనప్పటికి పుట్టలేదు.
పెద్దమ్మ ఏమీ అనేది కాదు,
పప్పులో ఉప్పు మాత్రం ఎప్పుడూ ఒక రాయి తక్కువ వేసేది.

ఈ ఏడు రీలు నిండా గీతలు.
దూది పొగమంచుకి పిల్లలు పడీపడీ నవ్వారు,
తీగ కనబడుతోందని ఒకడు వేలు చూపించాడు.
అప్పుడొచ్చింది కేక.
గోడ దాటి, పడవలు దాటి.
ఎవరూ కదల్లేదు. నా స్టూలు తప్ప.

పేర్లు పైకి పోతున్నాయి.
ఆమె పేరు ఉండదు, తెలుసు,
అయినా చివరిదాకా చదువుతాను.

తర్వాత నిమ్మనీళ్ల బండి దగ్గర వరస కట్టాం.
నా ముందు ఆసామీ మనవడు,
మెత్తగా మాట్లాడే బ్యాంకు ఉద్యోగి, మంచివాడే.
ఒక గ్లాసు గటగటా తాగాడు.
పెదాలు తుడుచుకుని
ఇంకోటి ఇమ్మని చెయ్యి చాపాడు.

నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.